ఎండిన నోటి సాక్ష్యం

మా తమ్ముడి కొడుకు ఎస్సైగా ఎంపికయ్యాడు. శిక్షణకు పోయే ముందు ఒక లావాటి పుస్తకం తెచ్చి నా మంచం మీద పెట్టాడు. "పెద్దబాపూ, నేరాలు ఎందుకు జరుగుతయో, ఎట్ల తగ్గించాల్నో అంతా గిండ్ల ఉన్నది. నువ్వు ఇన్నేండ్లు ఠాణాలల్ల చేసినవ్ గద, నిజమో కాదో సదివి చెప్పు" అన్నాడు.

చదివాను. పోలీసువాడు చదివినట్టే చదివాను, అంటే ప్రతి వాక్యాన్నీ ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వెవరు, ఎవరి మనిషివి, నిన్నెవరు పంపారు అని అడుగుతూ. పేదరికం నేరానికి తల్లి అంటుంది పుస్తకం. చెడు సావాసం మనిషిని పాడుచేస్తుందంటుంది. ఊళ్లో ఒకరికొకరు పట్టింపు తగ్గితే దొంగతనాలు పెరుగుతాయంటుంది. లోకం దొంగ అని ముద్ర వేసినవాడు చివరికి దొంగే అవుతాడని ఇంకో మాట. నాలుగూ వినడానికి బాగానే ఉన్నాయి. కాకపోతే వినడానికి బాగున్న వాంగ్మూలాన్ని నేనెప్పుడూ తొందరపడి నమ్మలేదు.

అందుకని ఇది రాస్తున్నాను. మావాడి కోసం, వాడిలాగా కొత్తగా ఖాకీ తొడుక్కుంటున్న పిల్లల కోసం. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ఊరికి బదిలీ అయింది అన్న సోది ఇందులో ఉండదు. నిజాం కాలంలో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సిద్దిపేట ఠాణాలో జమేదారుగా, అంటే ఇప్పటి హెడ్ కానిస్టేబుల్ లాగా ఉన్నప్పుడు చూసిన రెండు మూడు సంగతులు చెప్తాను. నన్ను కూడా గుడ్డిగా నమ్మకండి. ముసలి పోలీసులు తమ కథల్లో తామే తెలివైనవాళ్లుగా తేలుతుంటారు.

ఈ యేడే దొంగతనమైంది

ఆకలే మనిషిని దొంగను చేసేదైతే, ఆ రోజుల్లో తొగుట వైపు పల్లెలు మొత్తం మా హవాలాత్‌లోనే, అంటే లాకప్పులోనే ఉండాల్సింది. పండిన ధాన్యం లెవీ కింద సర్కారుకు పోయేది. జనం అంబలి తాగి కడుపు మీద తడిగుడ్డ వేసుకొని పడుకునేవాళ్లు. అయినా దొంగతనం జరిగిందని ఠాణాకు వచ్చేది ఆ పల్లెల్లోని గరిసెలున్న ఇళ్లవాళ్లే. ఆకలిగొన్నవాళ్లకు పోగొట్టుకోవడానికి ఏముంటుంది కనుక?

ఒకసారి అటువైపు ఒక పటేలు, తన చేన్లో మక్క కంకులు పోయాయని కబురు పంపాడు. పోయాను. దొంగను వెతికే పనే లేకపోయింది. తల నెరిసిన ముసలామె, మొగుడు లేడు, పిల్లలు లేరు, వాకిట్లో కంకి కాల్చుకుంటూ కూర్చుంది.

"అవ్వా, కంకులు తెంపినవా?" అని అడిగాను.

"తెంపిన బిడ్డా. ఏటేట తెంపుత. ఈ యేడే దొంగతనమైంది."

"ఈ యేడే ఎందుకైంది?"

"ఈ యేడు పటేలింటికి యెట్టికి పోలే. నడుములు లేస్తలేవు."

ఆమె కొంచెం నవ్వి, ఇంకో కంకి నాకివ్వబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. ఏటేటా ఎవరికీ పట్టని కంకులు, ఆమె ఊరికే చాకిరీ చేయడం మానిన ఏడు చట్టంలోకి వచ్చాయి. పుస్తకం పేదరికం గురించి నాలుగు అధ్యాయాలు రాసింది. ఫిర్యాదు చేసేవాడి గురించి ఒక్క పేజీ లేదు. ఏ ఫిర్యాదైనా చేతికి వచ్చినప్పుడు, ఏం పోయింది అన్నదానికంటే ముందు, ఇది ఇవాళే ఎందుకు వచ్చింది అని అడగండి.

సావాసం మాట మాత్రం నిజమే, కాకపోతే పుస్తకం చెప్పే చోట కాదు. హుస్నాబాద్ బాటలో బండి తోలే ఒక మనిషి ఆముదాల బస్తా దించుకొని దొరికిపోయాడు. దొంగతనం కూడా చేతకాని దొంగ, బస్తా మీద కూర్చునే దొరికాడు. కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక బజారులో కనిపిస్తే, లోపల ఎట్లా ఉందని అడిగాను. "మంచిగనే ఉండె జమేదార్ సాబ్. లోపట ఉస్తాద్ దొరికిండు" అన్నాడు. ఏం ఉస్తాదో తర్వాత తెలిసింది. ఆ ఏడు మా ఊరి తాళాలు చప్పుడు లేకుండా తెరుచుకోవడం నేర్చుకున్నాయి. ఆ బడికి వాడిని పంపింది మేమే, ఫీజు కట్టింది సర్కారు.

అమీన్ సాబ్ బియ్యం

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఠాణా పెద్దను అమీన్ అనేవాళ్లు, ఇప్పటి ఎస్సై లాగా. మా అమీన్ సాబ్ మంచి మనిషి. ఇది వెటకారం కాదు. చేయెత్తి ఎవరినీ కొట్టేవాడు కాదు, కొట్టనిచ్చేవాడూ కాదు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. అనుమానం ఉన్నవాళ్లందరినీ ఠాణా వాకిట్లో వరుసగా కూర్చోబెట్టి, మంత్రించిన బియ్యమని చెప్పి తలా గుప్పెడు ఇచ్చేవాడు. నమిలి ముందున్న మోదుగాకు మీద ఉమ్మాలి. ఎవరి బియ్యం తడిసి ముద్దగా వస్తుందో వాడు మంచివాడు. ఎవరి బియ్యం పొడిపొడిగా రాలుతుందో వాడు దొంగ. తప్పు చేసినవాడి నోరు భయంతో ఎండిపోతుందని లెక్క. పల్లెల్లో పెద్దమనుషులు అంతకుముందు నుంచే చేసేవాళ్లు. ఆయన దాన్ని ఠాణాలోకి తెచ్చాడు.

"లాఠీ అబద్ధం చెప్పిస్తది జమేదార్, బియ్యం చెప్పియ్యది" అనేవాడు.

కొన్నిసార్లు నిజంగానే దొంగ దొరికేవాడు. దాంతో ఆయన నమ్మకం రాయిలా గట్టిపడింది. పదిసార్లు తప్పే పద్ధతిని ఎవడూ నమ్మడు. అప్పుడప్పుడు కలిసివచ్చే పద్ధతే ప్రమాదం.

అప్పట్లో నూలుకు కంట్రోలు. మగ్గాలవాళ్లకు నూలు డిపోలోనే ఇవ్వాలి, ఇచ్చినంతే తీసుకోవాలి. సిద్దిపేటలో ఇంటింటికీ మగ్గం ఆడే వాడల్లో సగం మగ్గాలు నోరు తెరుచుకొని కూర్చున్నాయి. అట్లాంటి రోజుల్లో ఒక ఉదయం డిపో నడిపే సావుకారు వీరేశం లబలబలాడుతూ వచ్చాడు. కొట్టు వెనక తలుపు పగిలింది, నూలు కట్టలు పోయాయి అన్నాడు. అనుమానం ఎవరి మీద అని అడగకముందే ఊరి బయట గుడిసెల వైపు చెయ్యి చూపించాడు.

ఆ గుడిసెల్లో ఈత చాపలు, బుట్టలు అల్లుకునేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల కులం పేరు రాయను. ఆ పేరు మీదే కదా తంటా అంతా వచ్చింది. ఆ కులంలో పుడితే చాలు దొంగ అని సర్కారు రాసుకుంది. మగవాళ్లంతా రోజూ పొద్దు గూకే ముందు ఠాణాకు వచ్చి, పేరు పిలిస్తే హాజర్ అని చెప్పిపోవాలి. చుట్టపుచూపుగా పక్క ఊరికి పోవాలన్నా మా చీటీ ఉండాలి.

అమీన్ సాబ్ డిపో హమాలీని, నూలు మోసే బండివాడిని, ఆ గుడిసెల పెద్ద ఎల్లయ్యను పిలిపించాడు. వీరేశం తనంతట తనే వచ్చి వరుసలో కూర్చున్నాడు. "నాకు గుడ పెట్టున్రి సాబ్, నేనేమన్న మీదికెల్లి ఊడిపడ్డనా" అని నవ్వాడు. అందరూ నమిలారు, మిగతావాళ్ల ఆకుల మీద తడి ముద్దలు పడ్డాయి. ఎల్లయ్య ఆకు మీద మాత్రం బియ్యం పిండిలా రాలింది.

ఎల్లయ్యను హవాలాత్‌లో వేశారు. వారంలోపల మెదక్ వైపు అదాలత్‌కు చాలాన్ చేయాలని, అంటే కేసు కట్టి కోర్టుకు పంపాలని మాట. అంతటితో అయిపోదు. ఎల్లయ్యకు శిక్షపడితే ఆ గుడిసెలన్నీ పీకించి, ఊరి పొలిమేర దాటించాలని బజారు పెద్దలు అప్పుడే ఒక అర్జీ పట్టుకొని తిరుగుతున్నారు. ఒక మనిషి నోరు ఎండినందుకు ఒక వాడ మొత్తం లేచిపోయే గతి వచ్చింది.

ఆకలి ఎన్నుకోదు

నేను పోయి కొట్టు చూశాను. తలుపు పక్కనే ముతక నూలు కట్టలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. వాటి మీద చెయ్యి కూడా పడలేదు. పోయినవి లోపల మూలకున్న సన్న నూలు కట్టలు. అవి తీయాలంటే ముందున్నవాటిని జరిపి, మళ్లీ సర్ది పోవాలి. ఆకలిగొన్న దొంగ చేతికి అందింది పట్టుకొని ఉరుకుతాడు. ఏరుకునేవాడు కడుపు నిండినవాడు. పైగా ఎల్లయ్యకు మగ్గం లేదు. బుట్టలల్లుకునే మనిషి సన్న నూలు ఏం చేసుకుంటాడు? కొనేవాడు ముందే సిద్ధంగా ఉంటే తప్ప ఆ సరుకు ఎవడికీ అక్కరకు రాదు.

ఠాణాకు తిరిగి వచ్చేసరికి ఎల్లయ్య పెండ్లాం బాలవ్వ గోడ పక్కన సత్తుగిన్నె పట్టుకొని కూర్చుంది.

"ఏందమ్మా, అన్నం ఇయ్యనిస్తలేరా?"

"ఇయ్యనిస్తున్రు సాబ్. ఆయిననే మింగుతలేడు. బుక్క నోట్లె పెట్టుకుంటడు, గట్లనే ఉంచుకుంటడు, ఉమ్మేస్తడు."

అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. సంతలో ఇదే ఎల్లయ్య దగ్గర నేను ఎన్నిసార్లు బుట్టలు కొనలేదు! పొగాకు దవడన పెట్టుకొని, అటూ ఇటూ ఉమ్ముతూ, నాతో బేరమాడి నన్నే ఓడించే మనిషి. అదే మనిషి సాయంత్రం హాజరీకి వచ్చి నిలబడితే, హాజర్ అన్న ఒక్క మాట పలకడానికి రెండుసార్లు పెదవులు తడుపుకునేవాడు. మా గడపలో ఆయన నోరు ఎండటం నూలు పోయిన రోజు మొదలైంది కాదు, రోజూ ఎండుతూనే ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. తడుముకున్నవాడే దొంగ అని మన ధీమా. పుట్టిన దగ్గర్నుంచి దొంగ అనిపించుకున్నవాడు కూడా తడుముకుంటాడని సామెత చెప్పదు.

సున్నపు డబ్బీ

అమీన్ సాబ్ తమలపాకులు బాగా నమిలేవాడు. ఆయనకు ఒక వెండి సున్నపు డబ్బీ ఉండేది, దాన్ని ప్రాణంలా చూసుకునేవాడు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"సాబ్, మీ సున్నపు డబ్బీ పోయిందని చెప్పి మళ్లొకసారి బియ్యం పెట్టున్రి."

"నా డబ్బీ యాడ పోయింది? జేబులనే ఉన్నది గదా."

"జేబులనే ఉంచుకోన్రి. పోయిందని మాత్రం చెప్పున్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. "నీకు బియ్యం మీద అనుమానమా జమేదార్?"

"బియ్యం మీద లేదు సాబ్. నోటి మీద ఉన్నది."

తిడతాడనుకున్నాను. పంపించేస్తాడనుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సరే. నీ అనుమానం గుడ తీరుద్దాం" అన్నాడు. నేను ఓడిపోవాలనే ఒప్పుకున్నాడని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాడు. నేను చూసిన పైఅధికారుల్లో తన పద్ధతిని తానే పరీక్షకు పెట్టినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్లలో ఒక పెద్దాయన, నేరాలు తగ్గించే మార్గం నాకు చెవిలో చెప్పాడు, రాసుకోవడం తగ్గించమని.

మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే వరుస. హమాలీ, బండివాడు, వీరేశం, హవాలాత్ నుంచి తెచ్చిన ఎల్లయ్య. అమీన్ సాబ్ గంభీరంగా, నిన్న ఈ ఠాణాలో నా వెండి డబ్బీ పోయింది, తీసింది మీలో ఒకడే అన్నాడు. ఎల్లయ్య నిన్నంతా తాళం వెనకే ఉన్నాడు. ఆయన ఏ డబ్బీనీ తీసే వీలే లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఎల్లయ్యకూ తెలుసు.

బియ్యం పంచారు. వీరేశం ఆకు మీద తడి ముద్ద పడింది, తమలపాకు ఎరుపుతో సహా. హమాలీది తడి. బండివాడిది తడి. ఎల్లయ్య కళ్లు మూసుకొని నమిలాడు. దవడలు కదులుతున్నాయి, మెడ నరాలు తేలాయి. ఉమ్మితే తెల్లటి పొడి రాలింది. దాన్ని చూసి ఆయనే ఏడ్చాడు.

"బాంచెన్ సాబ్, నేను తియ్యలే. కని నేనే తీసిన్నేమో, నాకే తెల్వకుంట" అన్నాడు.

ఇన్నేళ్లలో నేను విన్న ఒప్పుకోళ్లలో అంత భయంకరమైనది ఇంకొకటి లేదు. అమీన్ సాబ్ చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఆయన పళ్లెంలో మిగిలిన బియ్యం గింజలు తన నోట్లో వేసుకొని నమిలాడు. ఒక ఆకు తీసుకొని దాని మీద ఉమ్మాడు. ఏం పడిందో మాకు కనిపించకుండా ఆకు మడిచి, తనే తీసుకుపోయి బయట పారేసి వచ్చాడు. ఎల్లయ్యను ఇంటికి పొమ్మన్నాడు.

ఆ ఠాణాలో మళ్లీ బియ్యం పంచలేదు.

అందరికీ తెలిసిన దొంగ

నూలు ఏమైందంటారా? నేను నేతగాళ్ల వాడల్లో తిరిగాను. మొదట ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి నాకు బాగా తెలిసిన ఒక ముసలి నేతగాడు మగ్గం ఆపి, విసుగ్గా అన్నాడు:

"సన్న నూలు డిపోల దొరకది జమేదార్. సావుకారి ఇంటెన్క దొరుకుతది, రెట్టింపు ధరకు. గిది ఊరందరికెరుకే."

"మరి ఎల్లయ్యను పట్టుకపోయిన నాడు ఎందుకు చెప్పలే?"

"సావుకారి పేరు చెప్తే నాకు నూలెవడిస్తడు? ఎల్లయ్య లేకుంటే నాకు పోయేదేందో చెప్పు."

ఆ మాట అన్నాక ఆయన నావైపు చూడలేకపోయాడు. మళ్లీ మగ్గం ఆడించడం మొదలుపెట్టాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటిదొంగ ఎవరో అందరికీ తెలుసు, కాకపోతే వాడితో అందరికీ పని ఉంది. ఊళ్లో పట్టింపు తగ్గితే నేరం పెరుగుతుందని పుస్తకం అంటుంది. సిద్దిపేటలో పట్టింపుకేం తక్కువ లేదు. ఎవరితో అవసరం ఉందో వాళ్లను పట్టుకొని ఉన్నారు, ఎవరితో అవసరం లేదో వాళ్లను వదిలేశారు. సాక్షులు ఒకే పేరు చెప్తే నిజం అనుకోకండి. ఆ పేరు చెప్పినందుకు ఎవరికీ ఏమీ పోదేమో చూడండి.

అమీన్ సాబ్ వీరేశాన్ని వదలలేదు, చేతనైనంత చేశాడు. కానీ పైనుంచి మాటలొచ్చాయి. దొంగతనం కాస్తా లెక్కల్లో పొరపాటుగా మారిపోయింది. డిపో వీరేశం చేతిలోంచి తీసేశారు. తీసి ఆయన బామ్మర్దికే ఇచ్చారు. వీరేశం ఆ తర్వాత కూడా బజారులో నన్ను చూస్తే రెండు చేతులూ ఎత్తి నమస్తే పెట్టేవాడు, నోరు నిండా తాంబూలంతో. ఆ నోరు ఎన్నడూ ఎండినట్టు నేను చూడలేదు.

బజారు పెద్దల అర్జీ మూలన పడింది. గుడిసెలు నిలిచాయి. అది తక్కువ కాదు. హాజరీ మాత్రం ఆగలేదు, అది మా చేతిలోని పని కాదు. నిర్దోషి అని మేమే వదిలిన ఎల్లయ్య ఆ సాయంత్రమే మళ్లీ వచ్చి వరుసలో నిలబడి, పెదవులు తడుపుకొని, హాజర్ అన్నాడు.

సకినాలు

నిజాం పాలన పోయాక కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన, రోజూ రానక్కర్లేదని ఆ గుడిసెలవాళ్లకు నోటిమాటగా చెప్పాడు. అది చెప్పి కొన్ని నెలలయ్యాక, ఒక మధ్యాహ్నం ఎల్లయ్య మా ఇంటికి వచ్చాడు. చేతిలో కొత్త బుట్ట ఉంది.

"కొడుకు పెండ్లి సాబ్. మీరు రావాలె. గీ బుట్ట అమ్మకు."

అరుగు మీద కూర్చోమన్నాను. మొదట కింద కూర్చోబోయాడు, చెయ్యి పట్టి పైన కూర్చోబెట్టాను. మా ఆవిడ ఇంట్లో ఉన్న బియ్యప్పిండి సకినాలు ఆకులో పెట్టి ఇచ్చింది. బాగా కాలినవి, పట్టుకుంటే చిట్లిపోయేవి. పెండ్లి ఎక్కడ, పిల్ల ఎవరు, ఎండలు ఎట్లా ఉన్నాయి, అన్నీ మాట్లాడుకున్నాం. ఎల్లయ్య నవ్వుతూనే ఉన్నాడు. ఒక సకినం ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. అది అక్కడే ఉండిపోయింది. దవడ కదిపాడు, ఆపాడు. నీళ్లు తాగాడు. మళ్లీ కదిపాడు.

నేను గమనించానని ఆయనకు తెలిసింది. సిగ్గుపడ్డాడు.

"ఏమనుకోకున్రి సాబ్. మీరు మంచోళ్లే. కని మీ ముంగట పోతలేదు."

నేనేం చేసినా, ఆయనను విడిపించినా, అరుగు మీద కూర్చోబెట్టినా, ఆయన నోటికి మాత్రం నేను ఇంకా ఠాణానే. పుస్తకంలో నాలుగో మాట, లోకం ముద్ర వేస్తే మనిషి దొంగవుతాడన్నది, ఎల్లయ్య విషయంలో నిజం కాలేదు. ఆయన దొంగ కాలేదు. ముద్ర మాత్రం పోలేదు, నాలుక మీదే ఉండిపోయింది. నేరాలు ఎట్లా తగ్గించాలని అడిగాడు మావాడు. నాకు తెలిసింది ఒక్కటే. మీ ఎదుట నోరు ఎండినవాడిని చూసినప్పుడు, వాడేం చేశాడని అడిగే ముందు, మనమేం చేశామని ఒకసారి అనుమానించండి.

ఆ రోజు నేను లోపల పనుందని లేచి, ఇంట్లోకి పోయి, తలుపు దగ్గరికి వేసి దాని వెనక నిలబడ్డాను. మా ఆవిడ ఏందని సైగ చేసింది, మాట్లాడొద్దని సైగ చేశాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అరుగు మీద సకినం కరకరలాడింది.